ఋణమే శుభమైన చోట

సైకిలు చక్రాన్ని ఊడదీసి గోడకు ఆనించండి. దాని మీద ఇప్పుడు ఏ బరువూ లేదు. అయినా స్పోకులన్నీ బిగుసుకొని అంచును లోపలికి లాగుతూనే ఉంటాయి. అంచు నలుగుతూ ఎదురు నిలుస్తూనే ఉంటుంది. రెండూ సరితూగడం వల్లనే చక్రం ప్రశాంతంగా కనిపిస్తుంది. గట్టిపరచిన ఉక్కులోనూ ఇటువంటి పెనుగులాటే దాగి ఉంటుంది. దానికి అవశిష్ట ప్రతిబలమని పేరు.

ఎర్రగా కాల్చిన ఉక్కును నూనెలో ముంచితే అది మార్టెన్‌సైట్ అనే కఠిన రూపం దాల్చి కొంచెం ఉబ్బుతుంది. ఆ మార్పు అంతటా ఒకేసారి జరగదు. సాధారణంగా పైపొర ముందు చల్లారి గట్టిపడుతుంది. తరువాత ఉబ్బిన లోభాగం దాన్ని సాగదీస్తుంది. పైపొరకు కర్బనం పట్టించిన ఉక్కులో ఈ వరుస తిరగబడుతుంది. అక్కడ పైపొర చివరగా ఉబ్బబోయి, లోభాగం చోటివ్వక, నొక్కుకొని ఉండిపోతుంది. సాగిన పొరలో పగులు నోరు తెరుస్తుంది. నొక్కుకున్న పొరలో మూసుకుంటుంది. లెక్కలో సాగుడుకు ధనచిహ్నం, నొక్కుడుకు ఋణచిహ్నం. అప్పుల బాధ తెలిసినవారికి వింతగా తోచవచ్చు గానీ, ఇక్కడ ఋణమే శుభం.

ప్రతిబలాన్ని నేరుగా చూపే సాధనం లేదు. మనం కొలవగలిగేది స్ఫటికంలోని పరమాణు తలాల మధ్య ఎడం మాత్రమే. ఎడం మారితే ఎక్స్‌కిరణాలు వివర్తనం చెందే కోణం మారుతుందని 1912లో లారెన్స్ బ్రాగ్ గ్రహించిన సూత్రమే ఇందుకు ఆధారం. ఉక్కుకైతే సాధారణంగా క్రోమియం గొట్టపు కిరణాలను వాడి, సుమారు 156 డిగ్రీల దగ్గర వచ్చే శిఖరాన్ని చూస్తాము. ముక్కను కొద్దికొద్దిగా వాల్చుతూ ప్రతిసారీ ఎడాన్ని కొలిచి, వాలు కోణపు సైన్ వర్గంతో కలిపి గీస్తే సరళరేఖ వస్తుంది. దాని ఏటవాలును బట్టి ప్రతిబలాన్ని లెక్కగడతాము.

వినడానికి సులువే. కానీ గట్టిపరచిన ఉక్కులో ఆ శిఖరం సూదిమొనలా ఉండదు. కొన్ని డిగ్రీల మేర పరచుకొని ఉంటుంది. 500 మెగాపాస్కళ్ళ ప్రతిబలం ఉన్న ముక్కను 45 డిగ్రీలు వాల్చినా, అది కదిలేది ఒక డిగ్రీలోపే. పొగమంచులో కొండకొమ్మును గుర్తుపట్టడం వంటి పని అది.

ఒకసారి కర్బనం పట్టించి, సానరాయి మీద నునుపు చేసిన రెండు పళ్ళచక్రాలు మా బల్ల మీదకు వచ్చాయి. "కొలతలు సరిపోయాయి, గట్టిదనం సరిపోయింది, ఇంకా ఏం చూస్తారండీ?" అన్నారు తెచ్చిన పెద్దాయన. ఒకదాని పళ్ళ మీద ఋణచిహ్నమే వచ్చింది. రెండవదాని మీద ధనచిహ్నం తేలింది. సానరాయి వేడి దాని మేలును హరించింది. నిగనిగలో మాత్రం రెండూ కవలలే! ఆయన రెండింటినీ చేతిలో తిప్పి చూసి, చాలాసేపు మాట్లాడలేదు.

ఆ సంఖ్య కూడా పైనున్న సుమారు 5 మైక్రాన్ల పొరకే సాక్ష్యం. ఇంకా లోతు తెలియాలంటే విద్యుత్తుతో పొరను కరిగించి మళ్ళీ కొలవాలి. కరిగించినకొద్దీ మిగిలిన పొరల సమతూకం మారుతుంది కనుక, దానికీ సవరణ కట్టాలి. న్యూట్రాన్లు సెంటీమీటర్ల లోతుకు పోగలవు గానీ, వాటికోసం అణు రియాక్టరో, పెద్ద త్వరణయంత్రమో ఉన్న చోటికి వెళ్ళాలి.

అందుకే సంఖ్య పక్కన లోతునూ, దోషపరిమితినీ రాయకుండా నేను నివేదిక మీద సంతకం పెట్టను. ఆ పళ్ళచక్రం బిగించిన బండిలో ప్రయాణించేవారికి ఈ చిహ్నాల సంగతి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం వారికి రాకూడదనే ఇంత తాపత్రయమూను.