ఒక ద్రాక్షాసవప్రియుని వారచర్య

ప్రతి మనుష్యునకును లోకమునకు చెప్పుకొనదగిన అలవాటొకటియు, చెప్పుకొనరాని అలవాటొకటియు నుండునని పెద్దలందురు. నా విషయమున ఈ రెండును ఒక్కటియే. నేను ద్రాక్షాసవప్రియుడను. చందాపురమున కాపురముండి, అట్టపెట్టెలు అమ్ముకొని జీవించు సామాన్యుడనే అయినను, మంచి భోజనము ప్రక్క ఎఱ్ఱని ద్రాక్షాసవము ఒక గ్లాసుడు ఉన్నచో నాకది పండుగ. మన సంఘము వారి సంచికలో ఇట్టి మాట వ్రాయవచ్చునా యని కొంత సంకోచించితిని. కాని మొన్నటి ఫిబ్రవరి మాసమున ఒక వారము నాకు నేర్పిన పాఠము మన కుటుంబములకు చెప్పదగినదని తోచి ఈ సాహసము చేయుచున్నాను.

చందాపురము ఎట్టిదో ఇచ్చటి వారికి చెప్పనక్కర లేదు. హోసూరు రోడ్డునుండి ఆనేకల్లు దారి చీలు ఈ కూడలిలో నిలుచున్నచో నాలుగు భాషలు చెవిని బడును. మా ఇంట తెలుగే మాటలాడుదుము. కాని నా భార్య బెంగళూరున పుట్టి కన్నడమున చదివినది. మా అమ్మాయి బడిలో కన్నడమును ఇంగ్లీషును నేర్చుచున్నది. తెలుగు అక్షరము చదువగలవారము నేనును, నెల్లూరు జిల్లానుండి వచ్చి మాతో నుండు మా అమ్మయు మాత్రమే. ప్రతి రాత్రియు నేను ఒక దినచర్యపుస్తకము వ్రాయుదును. ఎచ్చట తిరిగితిని, ఏమి అమ్మితిని, ఏమి తింటిని, ఎన్ని గ్లాసులు త్రాగితిని అనునవి అందులో నుండును. లెక్క వ్రాయువాడు చెడిపోడని నా నమ్మకము.

సోమవారము హోసూరు. అత్తిబెలె దాటినచో రాష్ట్రము మారును గాని మాట మారదు. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రముననే నిలిచినది; తెలుగు మాత్రము దాని అంగళ్లను నేటికిని విడువలేదు. ఒక కార్ఖానావారితో ధర కుదుర్చుకొని, మెస్సులో రాగిముద్దయు మాంసపు పులుసును ఆరగించి ఇల్లు చేరితిని. ఆనాటి లెక్క సున్న.

మంగళవారము తెల్లవారకముందే బయలుదేరి, దొడ్డబళ్లాపురము మీదుగా నంది కొండల దిగువకు చేరితిని. 1988లో కన్వల్ గ్రోవర్ గారు ఫ్రెంచి ద్రాక్షతీగలను నాటించిన ప్రాంతమిది. ఆ చుట్టుపట్ల నొక తోటవారికి నేను పెట్టెలు పంపుదును. అచ్చటి పనివాడొకడు నాకు తీగల మర్మము తెలిపెను. చలిదేశములలో ద్రాక్షతీగ శీతకాలమున ఆకు రాల్చి నిద్రించును. మన దేశమున దానికి నిద్ర లేదు. కనుక వేసవిలో నొకమారు, వానలు వెనుకబట్టిన పిమ్మట నొకమారు తీగను కత్తిరించి, ఏటికి ఒక్క పంటయే తీయుదురు. ఎఱ్ఱదనము రసమున లేదు, తొక్కలో నున్నది. తొక్కతో పులిసినచో ఎఱ్ఱనిది, తొక్క లేక పులిసినచో తెల్లనిది. ఆనాడు రుచి చూచుటకై ఇచ్చిన గుక్కలు తప్ప మరేమియు పుచ్చుకొనలేదు. రంగు చూచి, వాసన పట్టి, నాలుకపై నిలిపి మ్రింగుట యొక విద్య. అది వచ్చినవానికి కొంచెమే చాలును.

బుధవారము చిక్కబళ్లాపురము. బెంగళూరు నీలిద్రాక్ష పండు సీమ యిది. దానికి 2013లో భౌగోళిక గుర్తింపు లభించినది. దట్టమైన వాసనయు, పులుపు తగిలిన తీపియు దాని లక్షణములు. తోట యజమాని తెలుగువాడు. గుత్తినొకదానిని నా చేతిలో బెట్టి, "తినండి సామీ, కొనేది తర్వాత" అనెను. నోట వేసికొనగనే మన ఆలంకారికులు జ్ఞప్తికి వచ్చిరి. కవిత్వమును ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని వారు విభజించిరి. టెంకాయ పగులగొట్టవలెను, అరటిపండు ఒలువవలెను, ద్రాక్షకు ఏ శ్రమయు లేదు. పండ్లూడిన మా అమ్మకు ఇంతకంటె తగిన ఫలమేమి? రెండు కిలోలు కొని కారు డిక్కీలో పెట్టించితిని. రాత్రి బసలో రెండు గ్లాసులు. "అమ్మకు ద్రాక్ష రెండు కిలోలు" అని పుస్తకమున వ్రాసితిని.

గురువారము గౌరిబిదనూరు మీదుగా హిందూపురము. మన తెలుగుసీమలో "వైన్స్" అను బోర్డు కనబడని ఊరు అరుదు. అట్టి యొక అంగడిలో నేను వైను అడుగగా, కుఱ్ఱవాడు నన్ను వింతగా చూచి, "బ్రాందీనా, విస్కీనా సార్?" అనెను. పేరు ద్రాక్షది, సరుకు వేరొకటి! నవ్వుకొని, సంగటియు నాటుకోడి పులుసును తిని పండుకొంటిని. శ్రీనాథ మహాకవి తలపునకు వచ్చెను. ఆయనయు నావలె ఊరూర తిరిగి, మంచి భోజనమును మెచ్చి, పలనాటి జొన్నకూటిని నిందించిన రసికుడు. హరవిలాసమును అవచి తిప్పయసెట్టి యను వర్తకునకే అంకితమిచ్చెను. ప్రౌఢదేవరాయల యెదుట కనకాభిషేకమందిన యా మహాకవి కడపటి దినములలో దారిద్ర్యమున కుందెనని చెప్పుదురు. ఆ రాత్రి దీనినొక కథగా తలచితినే గాని, హెచ్చరికగా తలపలేదు.

శుక్రవారము తిన్నగా బెంగళూరు నగరమునకు వచ్చితిని. పెద్ద బేరము, నలుగురము ఒక హోటలులో భోజనమునకు కూర్చుంటిమి. మొదటి సీసాను నేనే ఎన్నుకొని, దాని గుణములను వర్ణించితిని. వారు మెచ్చిరి. ఆ మెప్పు నాకు ద్రాక్షకంటె ఎక్కువగా తలకెక్కినది. రెండవ సీసా వచ్చినది, మూడవది వచ్చినది. వాసన పట్టుట లేదు, నాలుకపై నిలుపుట లేదు, మ్రింగుటయే. బేరము "వచ్చే వారము చూతము" అనుటతో ముగిసెను. కారును అచ్చటనే విడిచి మెట్రో ఎక్కునంతటి వివేకము మాత్రము మిగిలినది. ఆర్.వి. రోడ్డునుండి బొమ్మసంద్ర వరకు 2025 ఆగస్టులో ఆరంభమైన పసుపు మార్గము నన్ను మోసికొనివచ్చినది. బొమ్మసంద్ర కడపటి స్టేషను గనుక సరిపోయినది. లేనిచో ఎచ్చట మేల్కొందునో! ఇల్లు చేరుసరికి అమ్మ అన్నము మీద మూతపెట్టుకొని మేలుకొనియున్నది. తాను తినలేదు.

శనివారము ఆలస్యముగా లేచి చూడగా, అమ్మ కళ్లద్దములు పెట్టుకొని నా పుస్తకము చదువుచున్నది. కోపము లేదు. ఒక్క ప్రశ్న అడిగినది: "నాయనా, బుధవారం నాకని ద్రాక్షపండ్లు కొన్నానని రాశావే, ఏవీ?"

నాకు నోట మాట రాలేదు. పోయి కారు తెచ్చితిని. డిక్కీ తెఱవగనే పులిసిన వాసన గుప్పున కొట్టినది. మూడు దినముల యెండకు పండ్లు పగిలి నురుగు కట్టియున్నవి. ఆసవము చేయుటకు ఎవరును అక్కర లేకపోయినది. అమ్మ గుమ్మము వరకు వచ్చి, ఆ వాసనకు కొంగు ముక్కునకు అడ్డము పెట్టుకొని వెనుకకు పోయినది.

మేనమామ సంగతి నేను విననిది కాదు. సారా ఆయనను తినివేసినదని మాత్రమే నాకు తెలియును. ఆ సాయంకాలము అమ్మ తక్కినది చెప్పినది. 1992లో అదే జిల్లాలోని దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరని విన్ననాడు, ఆమె తన యన్నను తలచుకొని ఒంటరిగా ఏడ్చినదట. ఆ యుద్యమము పెరిగి 1993లో సారా నిషేధమునకును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసినది. 1997లో ఆ నిషేధము సడలినది. "నువ్వు ఆయనలాంటివాడివని అనను నాయనా. కానీ మా అన్న కూడా మొదట్లో లెక్క పెట్టుకొని తాగినవాడే" అనినది.

రాత్రి పుస్తకము తీసి చూచుకొంటిని. సోమవారము సున్న, బుధవారము రెండు అని వరుసగా ఉన్నవి. శుక్రవారము నాటి పుటలో అంకె లేదు.

ఏ కొంచెము మద్యమైనను ఆరోగ్యమునకు నిరపాయము కాదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. నేనది ఎఱిగియు త్రాగుచున్నవాడనే. ఇకమీదట ముట్టనని ప్రతిజ్ఞ చేసి మిమ్ము మోసపుచ్చను. కాని రెండు నియమములు పెట్టుకొంటిని. బేరము జరుగు బల్లయొద్ద త్రాగరాదు. భోజనముతో ఒక గ్లాసు దాటరాదు. దాటినచో ఆ అంకెను పుస్తకమున వ్రాసి తీరవలెను. చదువువారు ఇంట నున్నారు గదా!

ఆదివారము అంగడికి పోయి మరల నీలిద్రాక్ష తెచ్చితిని. అమ్మ ఒక్కొక్క పండును నోట నుంచుకొని, నెమ్మదిగా రసము పీల్చి, తొక్కను ప్రక్కన పెట్టినది. పిమ్మట మనుమరాలిని దగ్గర కూర్చుండబెట్టుకొని నా పుస్తకము తెఱిపించినది. అమ్మాయి ఒక్కొక్క అక్షరమును అవ్వను అడిగి అడిగి వంకరగా వ్రాసినది: "ఆదివారం. అందరం ఇంట్లో తిన్నాం. పప్పుచారు. అవ్వకు ద్రాక్ష." లెక్క ఎంత వ్రాయవలెనని నన్నడిగినది. సున్న చుట్టుమంటిని.