త్రీ నాట్ త్రీ పుట్టుపూర్వోత్తరాలు

అంగట్లో ఎద్దును కొనేవాడు ముందు దాని నోరు తెరిచి పళ్లు చూస్తాడు. తర్వాత సుడులు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. అమ్మేవాడు చెప్పే వయసు మాత్రం చెవిన పెట్టడు. పాత రైఫిల్‌నూ అట్లాగే చూడాలని నాకు ఎన్.సి.సి.లో రెండో సంవత్సరం తెలిసింది.

మా చేతికిచ్చేవి డి.పి. రైఫిళ్లు. డ్రిల్లుకు తప్ప ఇంక దేనికీ పనికిరాకుండా, పేలకుండా చేసిన పాత త్రీ నాట్ త్రీలన్నమాట. ఫైరింగు నేర్చుకోవడానికి పాయింట్ టూ టూ వేరే ఉంటుంది. నాలుగు కిలోల బరువు పొద్దున్నే భుజానికెత్తుకుని గ్రౌండు చుట్టూ తిరిగేవాడికి అది ఎక్కడ పుట్టిందో, ఎప్పుడు పుట్టిందో తెలుసుకోవాలన్న కోరిక సాధారణంగా పుట్టదు. నాకు పుట్టడానికి కారణం మా ఇంటి తలుపు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మా యూనిట్‌లో ఆయుధాల మరమ్మతు చూసే హవల్దార్ సాబ్ ఒకరున్నారు. మాట తక్కువ మనిషి. ఒకరోజు నేను అడగ్గా అడగ్గా నా రైఫిల్ తీసుకుని, బోల్టు పిడి కింద, మడమ కట్టె మొదలయ్యే చోట ఉన్న ఇనుప పట్టీని గుడ్డతో తుడిచి "చదువు" అన్నారు. కిరీటం. దాని కింద జి.ఆర్.ఐ. అనే మూడక్షరాలు. లాటిన్‌లో జార్జి, రాజు, చక్రవర్తి అని అర్థమట. కింద ఇషాపూర్, 1942, మార్కు మూడు, పక్కన ఒక చుక్క. అంటే కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డున ఉన్న రైఫిల్ ఫ్యాక్టరీలో, రెండో ప్రపంచ యుద్ధం నడిమధ్యలో పుట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక కొన్నాళ్లకు పుట్టినదైతే కిరీటం ఉండదు, అశోకుని సింహాలుంటాయి. ఆ చుక్కకూ ఒక కథ ఉంది. 1907లో వచ్చిన మార్కు మూడు రైఫిల్‌కు, చాలా దూరం కొట్టడానికని పక్కన అదనంగా గురిచూసే పరికరాలుండేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో రైఫిళ్లు చాలక అలాంటి సొగసులన్నీ తీసేసి త్వరత్వరగా తయారు చేశారు. అట్లా తీసేసినదానికి చుక్క గుర్తు. నా దృష్టిలో ఆ చుక్కకు అర్థం "తొందరలో ఉన్నాం" అని!

ఆ తర్వాత నంబర్లు చూపించారు. బోల్టు మీద ఒక నంబరు, గొట్టం మీద ఒకటి, ముందు ముక్కు మీద ఒకటి. అన్నీ కలిస్తే పుట్టినప్పటి రైఫిల్. నా దాంట్లో బోల్టు నంబరు వేరు. జోడు కాని ఎడ్లను ఒకే కాడికి కట్టినట్టు, ఎక్కడిదో బోల్టు తెచ్చి ఇందులో పెట్టారు. ముందు కట్టెకు అడ్డంగా ఒక మర బిగించి ఉంది. కట్టె చీలకుండా ఇషాపూర్‌వాళ్లు పెట్టుకున్న ఉపాయం అది. ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్‌లో పుట్టినవాటికి ఆ మర ఉండదు.

మనిషికి తగ్గట్టు తుపాకిని మార్చడమనేది వేటగాళ్ల సరదా అనుకునేవాణ్ణి. సైన్యం కూడా ఆ పని చేసింది. మడమ కట్టె నాలుగు కొలతల్లో వచ్చేది. పొట్టి చేతులవాడికి ఒకటి, పొడుగు చేతులవాడికి ఒకటి. కట్టె మీద చిన్న అక్షరం కొట్టి ఉంటే దాని కొలత తెలిసిపోతుంది. లోపలి పొడుగాటి బోల్టు విప్పితే మడమ ఊడి వస్తుంది, ఇంకోటి బిగించవచ్చు. దర్జీవాడు కూడా ఇంతకంటే ఏం చేస్తాడు! ఇషాపూర్ ఫ్యాక్టరీ ఇంకా దూరం వెళ్లింది. కొన్ని త్రీ నాట్ త్రీలను పాయింట్ 410 మస్కట్లుగా మార్చి, ఒక్కసారికి ఒక్క తూటా మాత్రమే పట్టేటట్టు చేసి, జైలు కాపలావాళ్లకూ పోలీసులకూ ఇచ్చింది. సైనికుడి మీద ఉన్న నమ్మకం జైలు కాపలావాడి మీద సర్కారుకు లేదని ఆ రైఫిలే సాక్ష్యం చెబుతుంది. 1962 చైనా యుద్ధం తర్వాత ఇదే పాత నమూనాను 7.62 తూటాకు పనికొచ్చేటట్టు మళ్లీ తయారు చేశారు. మ్యాగజీన్ పెట్టె నలుపలకలుగా ఉంటే అది ఆ జాతి.

పడమటి దేశాల కథ వేరు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక లక్షల రైఫిళ్లు మిగిలిపోయాయి. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో వాటిని చవగ్గా అమ్మారు. రైతులు, వేటగాళ్లు కొనుక్కుని, గొట్టం మీది కట్టె కోసేసి, మడమ చెక్కి నున్న చేసి, కొత్త గురి బిగించి జింకల వేటకు తయారు చేసుకున్నారు. బర్మింగ్‌హామ్‌లోని పార్కర్ హేల్ కంపెనీ అదే వ్యాపారం చేసింది. ఇప్పుడు అక్కడి సేకరణదారులు కోయకుండా మిగిలినవాటి కోసం వెతుక్కుంటున్నారట. ఆ చవక సరుకుకు ఇంకో ముఖం కూడా ఉంది. 1963లో అధ్యక్షుడు కెనడీని చంపిన రైఫిల్ ఇటలీ సైన్యపు మిగులు సరుకే. పోస్టులో తెప్పించుకున్నది. 1968లో చట్టం వచ్చి ఆ పోస్టు బేరం ఆగింది.

ఈ కథలు సెలవుల్లో ఇంట్లో చెబితే మా బాపు అంతా విని, "అయితే ఆ పేలని తుపాకి ఒక్కటి రాదారా? మక్కచేనుల పందులను బెదిరియ్యడానికి?" అని అడిగిండు. నవ్వు వచ్చింది గాని ఆయన నవ్వలేదు. రాత్రంతా మంచె మీద డబ్బా కొట్టేవాడికి అది నవ్వులాట కాదు. రాదని చెప్పాను. మన దేశంలో త్రీ నాట్ త్రీ నిషిద్ధ బోరు. మామూలు పౌరుడికి లైసెన్సు దొరకదు. డి.పి. రైఫిలైనా సర్కారు సొత్తే. లైసెన్సున్నవాళ్లు కొనుక్కోవడానికి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు ఇదే బోల్టు నమూనా మీద పాయింట్ 315 రైఫిల్ చేశాయి. దాని ధర, లైసెన్సు కోసం తిరిగే తిరుగుడు లెక్కేసుకుంటే పందులు తిన్నది పోను మిగిలిన మక్కలే నయం. ఉత్తరప్రదేశ్ పోలీసులైతే 2020 గణతంత్ర దినం పెరేడ్‌తో త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పేశారు.

ఇక తలుపు సంగతి. మా ఊళ్లో మా పాత ఇంటి టేకు తలుపు మీద, నడుమెత్తున, వంపు తిరిగిన గుంట ఒకటి ఉంది. తుపాకి మడమతో పొడిచిన గుర్తు. అప్పుడు మా తాతకు ఎనిమిదేళ్లు, చిన్న తాతకు ఆరేళ్లు. ఇద్దరూ ఇంట్లో జొన్నల గుమ్మి వెనక దాక్కున్నారు. అక్కడివరకు ఇద్దరి మాటా ఒకటే. పొడిచింది ఎవరనే దగ్గర డెబ్బై ఏళ్లు దాటినా తగవు తెగలేదు. తాత లెక్కలో అది రజాకార్లతో కలిసి వచ్చిన నిజాం జవాన్ల పని, అప్పుడు పునాస జొన్న పొట్ట మీద ఉంది. అంటే 1948 సెప్టెంబరు పోలీసు చర్యకు ముందు. చిన్న తాత లెక్కలో అది యూనియన్ సైన్యం, కమ్యూనిస్టుల కోసం ఇల్లిల్లూ వెతికిన రోజుల్లో. అప్పుడున్నది మాగి జొన్న. అంటే ఆ చలికాలం. జొన్న పొట్ట మీద ఉందనేది ఇద్దరికీ గుర్తే. ఏ జొన్న అన్నదే పేచీ.

నేను సైన్సు విద్యార్థిని కదా! గుంట మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాను. నా రైఫిల్ మడమకున్న ఇత్తడి రేకు మీద పెట్టి చూస్తే పైవంపు సరిగ్గా కలిసింది. త్రీ నాట్ త్రీయే, సందేహం లేదు. దానివల్ల తేలిందేమిటి? హైదరాబాద్ సంస్థానపు సైన్యం చేతుల్లోనూ ఆ జాతే, యూనియన్ సైన్యం చేతుల్లోనూ ఆ జాతే. ఇది చాలక 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానచోదకుడు కరాచీ నుంచి రాత్రిపూట నిజాంకు ఆయుధాలు చేరవేశాడు. ఇనుప పట్టీ మీద సంవత్సరం ఉంటుంది, ఫ్యాక్టరీ ఉంటుంది. ఎవరి చేతిలో ఉండి ఎవరి తలుపు పొడిచిందో ఉండదు. హవల్దార్ సాబ్‌కు అచ్చు చూపిస్తే చాలాసేపు చూసి, కాగితం మడిచి నా చేతికిచ్చారు. ఏమీ అనలేదు.

ఆ జనవరికి ముందు రైఫిళ్ల కట్టెకు నూనె పట్టించే పని మా నలుగురికి అప్పగించారు. ఇనుము మీద చెయ్యి వెయ్యొద్దు, కట్టె మాత్రమే. పచ్చి అవిసె నూనె కావాలి. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి బేగంబజార్‌లో పడ్డాను. రెండో నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకిచ్చిన స్థలమట అది. ఇత్తడి బిందెలు, తాళాలు, బాదం బస్తాలు, తాడు చుట్టలు, మధ్యలో హమాలీలు "హటో హటో" అంటూ తోసుకొచ్చే బండ్లు. మూడు దుకాణాల్లో ఉడికించిన నూనె ఉంది, పచ్చిది లేదు. నాలుగో దుకాణం సేటు డబ్బా దించుతూ "క్రికెట్ బ్యాటుకా?" అన్నాడు. రైఫిల్‌కు అన్నాను. పక్కనున్న ఇద్దరు గిరాకీలు నావైపు తిరిగి చూశారు. ఎన్.సి.సి. అని గబగబా చెప్పుకోవలసి వచ్చింది. సేటు నవ్వి, తన చిన్నప్పుడు తానూ కాడెట్‌నేనని, మడమ రేకును ఇటుక పొడితో తోమేవాళ్లమని చెప్పి నూనె కొంచెం ఎక్కువే కొలిచాడు.

అవిసె నూనే ఎందుకు, మా ఇంట్లో బండి ఇరుసుకు పూసే ఆముదం ఎందుకు పనికిరాదు? మేం ప్రాక్టికల్స్‌లో తిట్టుకుంటూ చేసే అయొడిన్ విలువలో ఉంది జవాబు. ఆముదానికి అది 90 లోపు, పల్లీ నూనెకు నూరు దాటడం అరుదు, అవిసె నూనెకు 170 పైన. అందులోని లినోలెనిక్ ఆమ్లంలో మూడు ద్విబంధాలున్నాయి. అవి గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని ఒకదానితో ఒకటి అల్లుకుపోయి, నూనె కట్టెలోనే గట్టిపడుతుంది. ఆముదం ఎన్నాళ్లున్నా జిడ్డుగానే ఉంటుంది. అవిసె నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది కనుక తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదముంది. మేం ఆరుబయట తీగ మీద పరిచి ఆరేశాం. పలచగా పూయడం, అరచేత్తో వేడెక్కేదాకా రుద్దడం, ఒకరోజు ఆగడం, మళ్లీ పూయడం. నాలుగోసారికి 1942 నాటి కట్టె తేనెరంగుకు తిరిగింది.

మిగిలిన నూనె సీసాను సంక్రాంతికి ఊరికి తీసుకుపోయాను. తలుపు ఎండకు పగుళ్లు తేలి ఉంది. పైనుంచి పూసుకుంటూ వస్తున్నాను, తాత గడప మీద కూర్చుని చూస్తున్నాడు. గుంట దగ్గరికి వచ్చేసరికి "గక్కడ వద్దు బిడ్డా" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. చుట్టూ పూసి గుంటను వదిలేశాను. పొద్దుగూకేటప్పుడు చిన్న తాత వచ్చి తలుపును వేళ్లతో తడిమి, "మంచిగ మెరుస్తుందిరా" అన్నాడు. తర్వాత వేలు గుంటలో పెట్టి, "మాగి జొన్ననే అన్నా అది" అన్నాడు.

"పునాస" అన్నాడు మా తాత.