ఆట మనదా... అద్దెదా?

బేగంపేటకూ వీడియో గేములకూ సంబంధం ఏమిటనేగా మీ సందేహం? ఉంది మరి!

నిజాం కుమార్తె బషీరున్నిసా బేగం పేరిట వెలసిన ఈ పేటలో ఠీవిగా కనిపించే భవనం హైదరాబాద్ పబ్లిక్ స్కూలు. 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం మొదలైన బడి అది. సత్య నాదెళ్ల చదువుకున్నదీ, క్రికెట్ ఆడిందీ అక్కడే. 2014లో ఆయన మైక్రోసాఫ్ట్ సీఈవో అయ్యారు. ఆ ఏడాదే ‘మైన్‌క్రాఫ్ట్’ను తయారుచేసిన మొజాంగ్‌ను 250 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు సంస్థ ప్రకటించింది. 2023లో ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ని రూపొందించే యాక్టివిజన్ బ్లిజార్డ్ కూడా దాని చేతికొచ్చింది... 6,870 కోట్ల డాలర్లకు!

ఇప్పుడు ఆ సంస్థ గూటిలో రెండు రకాల ఆటలూ ఉన్నాయి. మైన్‌క్రాఫ్ట్‌ను ఒకసారి కొంటే చాలు. నెట్ లేకున్నా ఒక్కరే కూర్చుని కోటలు కట్టుకోవచ్చు. కాల్ ఆఫ్ డ్యూటీలోని ‘వార్‌జోన్’ అలా కాదు. ఆడటం ఉచితమే కానీ కంపెనీ సర్వర్ నడిస్తేనే ఆట. సీజన్‌కో కొత్త వేషం, కొత్త తుపాకీ. కావాలంటే డబ్బు కట్టాలి. వీటినే ‘లైవ్ సర్వీస్’ ఆటలంటారు.

బేగంపేటలో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ ప్యారడైజ్. అక్కడికి దగ్గరే, పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. కంప్యూటర్ కొనాలంటే ఊరంతా ‘సీటీసీ’కి వెళ్లిన రోజులున్నాయి. అప్పట్లో ఆటంటే డబ్బాలో డిస్కు. అన్న ఆడేసి తమ్ముడికిచ్చేవాడు. వేసవి సెలవుల్లో ఒకే టీవీ ముందు నలుగురు పిల్లలు వంతులేసుకునేవారు. ఆటను ఎప్పుడు ఆపాలో చెప్పేది అమ్మ ఒక్కతే!

లైవ్ సర్వీస్‌లో సుఖమూ ఉంది. బేగంపేట బాబు డాలస్‌లోని పెదనాన్న కొడుకుతో కలిసి ఆడొచ్చు. తంటా అంతా తలుపు తాళం మన దగ్గర లేకపోవడమే. పబ్జీ సంగతి గుర్తుందిగా! 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించింది. 2021లో ‘బీజీఎంఐ’గా వచ్చింది, 2022లో మళ్లీ ఆగింది, 2023లో తిరిగొచ్చింది. పిల్లలు గంటలు పోసి పెంచుకున్న ఆట ఉంటుందో ఊడుతుందో వాళ్ల చేతుల్లో లేదు. ఉబిసాఫ్ట్ 2014లో విడుదల చేసిన కార్ల రేసు ‘ది క్రూ’ ఇంకా విచిత్రం. ఒంటరిగా ఆడాలన్నా సర్వర్ కావాల్సిందే. 2024 మార్చి 31న వాటిని ఆపేయగానే, డబ్బు పెట్టి కొన్న డిస్కులు ఉత్త బిళ్లలయ్యాయి. కొన్న ఆటలను ఇలా చంపొద్దంటూ విదేశాల్లో ఆటగాళ్లు ఉద్యమమే మొదలుపెట్టారు.

ఇకపై పిల్లలు ‘ఫ్రీయే నాన్నా’ అంటూ ఫోన్ చేతికిస్తే ఒక్క ప్రశ్న అడగండి... ‘నెట్ తీసేస్తే ఇది ఆడుతుందా?’ ఆడదంటే అది అద్దె ఇల్లే. ఉండొచ్చు, సరదాగా గడపొచ్చు. గోడలకు రంగులేయడానికి మాత్రం జేబు ఖాళీ చేసుకోవద్దు!