సంతకం

ప్రసిద్ధ క్రీడాకారుల సంతకాల సేకరణ బాల్యంలో నాకొక వ్యసనం. 1999 నవంబరు 8న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో న్యూజిలాండుపై సచిన్ టెండూల్కర్, రాహుల్ ద్రావిడ్ కలిసి 331 పరుగులు జోడించిననాటి నుండి ఆ నోటుపుస్తకం నా జేబు విడిచి ఎరుగదు.

మరొకనాడు ఒక పేరుమోసిన క్రికెటరు కోసం మూడు గంటలు ఎండలో నిలిచాను. పుస్తకం చాచాను. అతడు దానిని చేతితో పక్కకు నెట్టి, నా వంక చూడకుండానే కారెక్కాడు. దుమ్ములో పడిన పుస్తకాన్ని అబ్బాజాన్ తీసి తుడిచారు; ఒక్క మాటా అనలేదు.

ఆ మరుసటి వారం నన్ను ఒక ఇరానీ హోటలుకు తీసికొనిపోయి, అక్కడ చాయ్ త్రాగుతున్న వృద్ధునికి చూపించారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం, 1962 జకార్తా ఏషియాడులో స్వర్ణం సాధించిన మన ఫుట్‌బాల్ జట్లకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం గారి వద్ద ఆట నేర్చినవారట. "నీ పేరేమిటి బేటా?" అని అడిగి, వణికే చేతితో మొదట నా పేరు వ్రాసి, దాని క్రింద తన సంతకం చేశారు.

నేడు నేనూ సంతకం చేసే స్థానంలో ఉన్నాను. మొన్న ఒక విద్యార్థి ఉపకారవేతనం దరఖాస్తుతో వస్తే, తలయెత్తకుండానే "రేపు రా" అన్నాను. అతడు వెళ్ళిన తరువాత దుమ్ములో పడిన ఆ పుస్తకం జ్ఞాపకం వచ్చింది. వరండాలోకి పరుగెత్తి వెనుకకు పిలిచాను. గడువు ఆ సాయంత్రమేనట. కలం తీసి, ముందుగా పేరడిగాను. ఏడాదిగా నా తరగతిలోనే కూర్చుంటున్నాడు. అతని పేరు నేనెరుగను!