ఆగిన రాత్రి, ఎగసిన రాత్రి

అమెరికాలోని ఫ్లోరిడా తూర్పు తీరాన టైటస్‌విల్ అనే చిన్న పట్టణముంది. దాని ముంగిట ఇండియన్ రివర్ విశాలంగా పరచుకొని ఉంటుంది. పేరుకు నదియే గాని, నిజానికి అది ఉప్పునీటి కయ్య. ఆవలి వైపున కెన్నెడీ అంతరిక్ష కేంద్రం ఉంది.

2023 ఫిబ్రవరి 26 రాత్రి మేము ఈవలి గట్టున, స్పేస్ వ్యూ పార్కులో చాపలు పరచుకొని కూర్చున్నాము. ఓర్లాండోలో నివసించే మా చెల్లెలి కుటుంబం, గుంటూరు నుంచి మాతో వచ్చిన అమ్మీ, పదేళ్ళ మా అమ్మాయి, మేమిద్దరం. ఇషా నమాజు అక్కడే పచ్చికపై చేసుకున్నాము. గుంటూరులో పడమరకు తిరిగి నిలబడే అమ్మీ, ఇక్కడ ఖిబ్లా ఈశాన్య దిశలో ఉందని విని ఆశ్చర్యపోయింది.

నీటికి ఆవల, సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, దీపకాంతుల నడుమ ఫాల్కన్-9 రాకెట్ తెల్లని పుల్లలా కనిపిస్తోంది. దాని ఎత్తు 70 మీటర్లు. శిఖరాన ఉన్న డ్రాగన్ నౌకలో నలుగురు కూర్చుని ఉన్నారు: అమెరికాకు చెందిన స్టీఫెన్ బోవెన్, వారెన్ హోబర్గ్, రష్యాకు చెందిన ఆంద్రే ఫెద్యాయెవ్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు చెందిన సుల్తాన్ అల్ నెయాదీ. ఆరు నెలల పాటు అంతరిక్ష కేంద్రంలో నివసించడానికి బయలుదేరుతున్న తొలి అరబ్బు ఆయనే.

వారు ఎక్కిన ఆ 39ఎ ప్రయోగ వేదిక ఎన్నో ప్రయాణాలకు సాక్షి. 1969 జూలైలో చంద్రుని మీదికి వెళ్ళిన అపోలో-11 లేచింది అక్కడి నుంచే. 1985 జూన్‌లో అంతరిక్షానికి వెళ్ళిన తొలి ముస్లిం, సౌదీ యువరాజు సుల్తాన్ బిన్ సల్మాన్ బయలుదేరిందీ అక్కడి నుంచే. 2003 జనవరిలో మన కల్పనా చావ్లా కడసారి నేలను వీడిందీ అక్కడి నుంచే.

ఆ పగలే మేము కెన్నెడీ కేంద్రపు సందర్శనశాలలో ఒక స్మారకాన్ని చూసి వచ్చాము. అద్దంలా మెరిసే నల్లరాతి గోడ అది. విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయిన వ్యోమగాముల పేర్లు దానిపై చెక్కి ఉన్నాయి. మా అమ్మాయి కల్పన పేరును వెదికి పట్టుకొని, చాలాసేపు చూస్తూ నిలబడిపోయింది. "అబ్బా, ప్రమాదమని తెలిసి కూడా వీళ్ళు ఎందుకు వెళ్తారు?" అని అడిగింది. ఆ క్షణాన మాకు తగిన సమాధానం తోచలేదు.

అర్ధరాత్రి దాటింది. ప్రయోగానికి సుమారు 35 నిమిషాల ముందు ఇంధనం నింపడం ఆరంభమైంది. ఈ రాకెట్‌లో ముందుగా మనుషులను కూర్చోబెట్టి, ఆ తరువాతే ఇంధనం నింపుతారు. అంటే ఆ నలుగురి క్రింద వందల టన్నుల కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ చేరుతూ ఉండగా వారు కదలక మెదలక కూర్చుని ఉండాలి. అమ్మీ పెదవులు దుఆతో కదులుతూనే ఉన్నాయి.

మరో రెండు నిమిషాల చిల్లర మాత్రమే మిగిలి ఉండగా ప్రయోగం నిలిపివేస్తున్నట్లు ప్రకటన వెలువడింది. ఇంజన్లను రగిలించడానికి, గాలి సోకితేనే భగ్గుమనే ఒక ద్రవాన్ని వాడతారు. అది సక్రమంగా చేరిందో లేదో నిర్ధారణ కాలేదట. నేల మీది గొట్టాలలో ఒక వడపోత సాధనం పూడుకుపోయిందని తరువాత తేలింది.

పార్కులో నిట్టూర్పులు వినిపించాయి. "ఇంతదూరం వచ్చి, ఇంతసేపు మేలుకొని, ఇదా!" అని మాలోనే ఒకరు విసుక్కున్నారు. అమ్మీ వెంటనే, "అలా అనకండి. ఆపినవాళ్ళను అల్లాహ్ చల్లగా చూడాలి. లోపల ఉన్నవాళ్ళకు ఇళ్ళల్లో ఎదురుచూసేవాళ్ళు ఉంటారు కదా" అన్నది. మేము సిగ్గుపడ్డాము.

తిరుగు ప్రయాణంలో కారులో మా ఆలోచన 1986 జనవరి 28 వైపు మళ్ళింది. ఆనాటి ఉదయం చలి తీవ్రంగా ఉంది. చలికి రాకెట్ అతుకులలోని రబ్బరు వలయాలు బిగుసుకుపోతాయని, ప్రయోగం వాయిదా వేయాలని ఇంజనీర్లు ముందురాత్రే హెచ్చరించారు. పైవారు ఆ మాటను త్రోసిపుచ్చారు. బయలుదేరిన 73 సెకన్లకే ఛాలెంజర్ ముక్కలై, ఏడుగురు అసువులు బాశారు. ముందుకు సాగమనడానికి ఆనాడు ఎందరో ఉన్నారు. ఆగమన్నవారి మాట మాత్రం చెల్లలేదు. ఈ రాత్రి అదే మాట చెల్లింది. ఎగిరేవారికే కాదు, వేలమంది ఎదురుచూస్తుండగా "ఆగండి" అని చెప్పేవారికీ గుండెధైర్యం కావాలి. ఒంటెను కట్టివేసి, ఆ పైన అల్లాహ్‌పై భారం వేయాలన్న ప్రవక్త (స) బోధను చిన్ననాటి నుంచి వింటూనే ఉన్నాము. కట్టు సరిగా పడలేదని తోచినప్పుడు ప్రయాణమే ఆపడం కూడా అందులో భాగమని ఆ రాత్రి గ్రహించాము.

మార్చి 1 రాత్రి మళ్ళీ అదే గట్టుకు వెళ్ళాము. అదే నౌకలోకి ఆ నలుగురూ మళ్ళీ ఎక్కారు. ఏమి తప్పిపోగలదో మూడు రోజుల క్రితమే కళ్ళారా చూసినవారు వారు. అయినా ఎక్కారు.

అర్ధరాత్రి దాటి 34 నిమిషాలకు, ఆవలి గట్టున నిశ్శబ్దంగా తెల్లవారినట్లయింది. నీరంతా బంగారు వన్నె దాల్చింది. రాకెట్ లేచి, మెల్లగా ఈశాన్యానికి ఒరిగింది. ధ్వని మమ్మల్ని చేరడానికి దాదాపు నిమిషం పట్టింది. చేరాక అది చెవులకే పరిమితం కాలేదు, రొమ్ములో దడదడలాడింది. అమ్మీ మా అమ్మాయి చేతిని గట్టిగా పట్టుకున్నది. ఆ వెలుగు నక్షత్రమంతై, చుక్కై, మాయమైంది. తొమ్మిది నిమిషాలలో వారు భూకక్ష్యను చేరారు.

ఆ రమజాన్ నెల అల్ నెయాదీ అంతరిక్షంలోనే గడిపారు. తాను ప్రయాణికుడు గనుక ఉపవాసం తప్పనిసరి కాదని ఆయన ముందే వివరించారు. ఏప్రిల్ 28న బోవెన్‌తో కలిసి సుమారు ఏడు గంటలు నౌక వెలుపల పనిచేశారు. సెప్టెంబర్ 4న నలుగురూ క్షేమంగా ఫ్లోరిడా సముద్రంలో దిగారు. అప్పటికి మేము గుంటూరు చేరి చాలాకాలమైంది. ఆ వార్త విని అమ్మీ "అల్‌హమ్దులిల్లాహ్" అని కళ్ళు తుడుచుకున్నది.

మా అమ్మాయి తన ప్రశ్నకు తానే ఒక సమాధానం చెప్పుకున్నది: "వాళ్ళకు భయం లేక కాదు అబ్బా. భయాన్ని లెక్కలోకి తీసుకొని వెళ్తున్నారు." అంతకన్న మెరుగైన మాట మా వద్ద లేదు. మన శ్రీహరికోట నుంచి గగన్‌యాన్ మనుషులతో లేచేనాడు, పులికాట్ సరస్సు ఒడ్డున చాప పరచుకోవాలని తను ఇప్పటినుంచే అంటోంది. ఇన్షా అల్లాహ్, వెళ్తాము. ఆ రాత్రి ప్రయోగం ఆగిపోయినా సరే, విసుక్కోకుండా తిరిగి వస్తాము.