నేల పెట్టు పరీక్ష

బళ్ళారి బ్రూస్‌పేటలో నివసించువారికి రెండు విధముల నేలతో చుట్టరికము తప్పదు. పడమటికి పోయినచో సండూరు కొండలు, ఇనుపరాతి ఎఱ్ఱమన్ను. ఆలూరు దారి పట్టినచో కనుచూపుమేర నల్లరేగడి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము అవతరించినప్పుడు ఆలూరు, ఆదవాని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున నిలిచినవి. బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. మావంటి కుటుంబములకు ఇల్లొక రాష్ట్రమున, పొలము వేరొక రాష్ట్రమున మిగిలినవి. సరిహద్దు దాటుట మాకు కష్టము కాదు. తారురోడ్డు దిగిన తరువాత చేనివరకు గల మూడు మైళ్ళ రేగడి బాటయే కష్టము.

ఆ చేని యొద్ద నాలుగు కుటుంబములు కాపురమున్నవి. వాన పట్టినచో వారికి లోకముతో సంబంధము తెగిపోవును. కొన్నేండ్ల క్రిందట ఆశ్వయుజ మాసపు రాత్రి పురిటినొప్పులు పడుచున్న ఇల్లాలిని నులకమంచముపై పరుండబెట్టి, నలుగురు మనుషులు మోకాలిలోతు బురదలో రోడ్డువరకు మోసిరి. తల్లీబిడ్డలు దక్కిరి. కాని ఆ రాత్రి తరువాత మా మేనల్లుడు ఒక పికప్ బండి కొనితీరవలెనని పట్టుపట్టినాడు. పత్తి, మిరప ఆలస్యముగా బయటికి వచ్చినను సహింపవచ్చును. మనిషి విషయమున ఆలస్యము సహింపరానిది.

ఎంపికకు నిలిచిన బండ్లు రెండు. రెండింటి పేరును జపానుదే యైనను, రెండును మన చుట్టుప్రక్కల పుట్టినవే. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ ఆంధ్రప్రదేశమునందలి శ్రీసిటీలో 2016 నుండి తయారగుచున్నది. 2022లో మన దేశపు విపణికి వచ్చిన టొయోటా హైలక్స్ కర్ణాటకమునందలి బిడదిలో తయారగును. మా ఇంటివలెనే ఈ పోటీయు రెండు రాష్ట్రములకు చెందినది.

రెండింటికిని నిచ్చెన వంటి ఉక్కు చట్రము. వెనుక కమాను కట్టలు. నాలుగు చక్రములను త్రిప్పు రకములందు, అతినెమ్మదిగా అధికబలముతో నడుపు తక్కువ గేర్ల వరుసయు కలదు. 2021లో వచ్చిన వీ-క్రాస్ యంత్రము 1.9 లీటర్లది, దాని మెలిబలము 360 న్యూటన్ మీటర్లు. హైలక్స్ యంత్రము 2.8 లీటర్లది, చేతిగేర్ల బండికి 420, ఆటోమేటిక్ బండికి 500. 700 మిల్లీమీటర్ల నీటిలో, అనగా సుమారు రెండుంబావు అడుగుల లోతులో, హైలక్స్ నడువగలదని తయారీదారు చెప్పును. “మామా, లెక్క చూస్తే హైలక్సే గెలుస్తాది గదా” అన్నాడు మేనల్లుడు.

సండూరు కొండదారియే మా దారి యైనచో నేను వెంటనే ఔనందును. రాతినేలపై ఒక చక్రము గాలిలో లేచినప్పుడు, ఇంజను బలమంతయు పట్టులేని ఆ చక్రమునకే పోయి వృథాగా తిరుగును. హైలక్స్‌లో వెనుక రెండు చక్రములను కలిపి బిగించు డిఫరెన్షియల్ లాక్ కలదు. అప్పుడు రాతిని పట్టియున్న చక్రము బండిని ముందుకు త్రోయును. అట్టి చోట బలము, ఎత్తు, లాకు మూడును పనికివచ్చును.

రేగడి వేరు. భూశాస్త్ర గ్రంథములందు ఈ నేలను ‘రేగర్’ అని వ్రాయుదురు. ఆ మాట మన ‘రేగడ’ నుండి పోయినదే. ఇందలి బంకమన్ను నీరు త్రాగి ఉబ్బును, ఎండకు ముడుచుకొని పగుళ్ళు వాఱును. తడిసినప్పుడు అది టైరు గాళ్ళలో నిండి, టైరును నున్నని గుండుగా చేయును. కర్మాగారమునుండి వచ్చిన టైర్లు ప్రధానముగా రోడ్డుకొఱకు చేసినవి. వాని గాళ్ళు లోతు తక్కువ. నాలుగు చక్రములు తిరిగినను నాలుగును జాఱుచుండగా ప్రయోజనమేమి? పికప్ బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనుకభాగము తేలికై మఱింత జాఱును. పైగా రెండింటికిని ఇరుసుల నడుమ దూరము పదియడుగులకు పైమాటే. ఎత్తైన గట్టు దాటునప్పుడు కడుపు ఆనును.

గత భాద్రపదమున ఒక మిత్రుడు తన ఫోర్ వీల్ బండిని మా బాటలో నడిపిచూపెదనని వచ్చెను. అరమైలు చక్కగా సాగినది. పిదప చక్రము జాఱగానే అతడు ఇంజనును గట్టిగా తొక్కెను. బండి ఇరుసులవరకు దిగినది. మా చేనుకాపు నవ్వి, “అయ్యా, రేగడికి బలం చూపిస్తే లోపలికి గుంజుకుంటాది. మెల్లగా పోవల్ల” అన్నాడు. అతడే ట్రాక్టరు తెచ్చి లాగెను. ట్రాక్టరు వెనుక చక్రము పెద్దది, దాని గాళ్ళు లోతైనవి, తిరుగుచు మట్టిని విదిలించుకొనును. మా తాతలనాటి ఎడ్లబండి చక్రము సన్ననిది, ఎత్తైనది. బురదను కోసికొని క్రింది గట్టినేలను అందుకొనెడిది. ఈ నేలపై నడచుటకు కావలసిన విద్య అంకెలలోకంటె చక్రములో ఎక్కువగా నున్నది.

అందువలన మేనల్లునితో నేననినది ఇంతే: వెల తక్కువైన వీ-క్రాస్ కొనుము, దానికి లోతుగాళ్ళ బురదటైర్లు వేయించుము, మిగిలిన డబ్బుతో బాటపై గరుసు తోలించుము. కర్మాగారమునుండి వచ్చినది వచ్చినట్లే ఏ బండియైనను అన్ని నేలలను గెలువజాలదు. అతడు రెండు దినములు అలిగి, మూడవనాడు చేనుకాపుతో కలిసి బాట కొలిచి వచ్చినాడు.

ఈ వేసవిలో మైలున్నర గరుసు పడినది. మిగిలిన సగము పడువఱకు, వాన మొదలైన రాత్రులలో ట్రాక్టరును ఇండ్ల యొద్దను, పికప్‌ను గరుసు చివరను నిలుపవలెనని ఏర్పాటు చేసికొన్నారు. ఆ నాలుగిండ్లలో ఒకదానియందు కార్తికమునకు మరల పురుడున్నది.