పేట బేరం... పేక పాట!

గుంటూరు నుంచి ఒంగోలు హైవే ఎక్కితే చిలకలూరిపేట. ఇక్కడ పేకంటే పదమూడు ముక్కల రమ్మీయే. బ్రిడ్జి అని అడిగితే ఏ వంతెనో చూపిస్తారేమో! దాంట్లోనూ చేతికొచ్చేవి పదమూడే. 1967లో సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు కేసులో రమ్మీకి నైపుణ్యం కావాలన్న సుప్రీంకోర్టు, పోలిక తెచ్చింది బ్రిడ్జితోనే.

తేడా అంతా 'పాట'లో ఉంది. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1. పేక మొత్తం 40 పాయింట్లు. పన్నెండు, పదమూడుంటే పాట మొదలెట్టొచ్చు. జోడీకి కలిపి 25 దాటితే 'గేమ్' దాకా పాడొచ్చు. అయితే లెక్కొక్కటే చాలదు. ఒంటరి రాణికి ఆ రెండు పాయింట్లూ పేరుకే. అదే ఇస్పేట్లు ఆరుండి, జోడీ దగ్గరా నాలుగుంటే బొమ్మ ముక్కలు తక్కువైనా ధైర్యంగా పాడతారు. పాడినన్ని పట్లు రాకపోతే పాయింట్లు ఎదుటి జట్టుకి.

పేట జిన్నింగు మిల్లుల దగ్గరా ఇదే అంచనా. గుప్పెడు పత్తి తీసి, వేళ్లతో లాగి, పింజ పొడవూ తేమా చూసి ధర చెబుతారు. బోరెం అడుగున ఏముందో కనబడదు. తక్కువంటే సరుకు పక్క మిల్లుకి పోతుంది, ఎక్కువంటే నష్టం. కాకపోతే బ్రిడ్జిలో ఎదురుగా కూర్చునేది మన జోడీ. ఇక్కడ ఎదురుగా నిలబడేది రైతు. మబ్బు పట్టిన రోజున అతని ముక్కలన్నీ అందరికీ కనిపిస్తూనే ఉంటాయి.